పడగ్గది తలుపు మీద చెవి

ఆ ఉదయం చెవుల సారు అనుకున్న పనులు మూడే. కొత్తగా తెప్పించిన నల్లపొడిని ఇంట్లో ఒకసారి వాడి చూసుకోవడం, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, ఆఫీసుకెళ్లి తన విభాగాన్ని బతికించుకోవడం. మధ్యాహ్నం భోజనం లోపు మూడూ అయిపోతాయని ఆయనకు గట్టి నమ్మకం.

ఆయన పనిచేసేది నేరపరిశోధన ప్రయోగశాలలో. ఇంట్లో ఎవరైనా ఉన్నారేమోనని దొంగ తలుపుకు చెవి ఆనించి వింటాడు. వేళ్లకు తొడుగులు వేసుకోవడం వాడికి గుర్తుంటుంది గాని, చెవికి కూడా వేసుకోవాలని తోచదు. తలుపు మీద చెవి అచ్చు పడుతుంది. దాన్ని పొడి అద్ది తేల్చి, టేపుతో ఎత్తి, ఫలానావాడి చెవి అని చెప్పడమే కర్ణముద్రల విభాగం పని. ఆ విభాగమంటే ఆయన, ఒక సహాయకురాలు, రెండు బల్లలు.

పోయిన ఆదివారం దాకా దానికి ఏ ఢోకా లేదు. ఆదివారం వాళ్ల ఆఫీసరు దారినపోతూ ఇంటికొచ్చి, టీ తాగి, కబుర్లు చెప్పి, మళ్లీ టీ తాగి, చీకటి పడుతుండగా లేచాడు. తెల్లారి ఆఫీసులో మొహం గంటు పెట్టుకుని, "చెవుల్ని తీసుకెళ్లి పాదముద్రల్లో కలిపేద్దామనుకుంటున్నానయ్యా" అన్నాడు. పాదముద్రలవాళ్లు ఉండేది నేలమాళిగలో, నీటి మోటారు పక్కన. ఎందుకు కలపాలో ఆఫీసరు చెప్పలేదు. పెద్దాఫీసు నుంచి డైరెక్టరమ్మ ఇవాళ వచ్చి, పని చూసి తేల్చాలి.

"ఆవిడ ముందు ఒక్క ముద్ర తేల్చి చూపిస్తే చాలు, మమ్మల్ని కదిపేవాడుండడు" అన్నాడు చెవుల సారు, పడగ్గది తలుపు బయటివైపు కుంచెతో పొడి అద్దుతూ.

"ఆ మసి తుడిచేది మాత్రం నేను కాదు" అంది భార్య వంటింట్లోంచి.

కుంచె నాలుగుసార్లు తిప్పాడో లేదో, తలుపు మీద నిండుగా ఒక చెవి మొలిచింది. పైఅంచు, లోపలి మడత, బుగ్గకు అతుక్కున్న తమ్మె, అంచు మీద కందిగింజంత బుడిపె. ఇంత శుభ్రమైన ముద్ర ఆయనకు దొంగతనాల్లో కూడా దొరకలేదు. ముందు ముచ్చటేసింది. తర్వాత ఒళ్లు మండింది.

"మన గది దగ్గర ఎవరో చెవి పెట్టి విన్నారే!"

ఆ ఇంట్లో ఉండేది ఆయన, భార్య, నెల కిందట వచ్చిన అత్తగారు. భర్త చూపు అత్తగారి గది వైపు మళ్లడం చూసి భార్య గరిటెతో సహా వచ్చేసింది.

"మా అమ్మ మీ భుజం దాకా కూడా రాదు. ఈ చెవి మీ నెత్తికి సమానంగా ఉంది. కళ్లు కనిపిస్తున్నాయా?"

"పీట ఎక్కి ఉంటారు."

"మోకాళ్ల నొప్పులతో మంచం ఎక్కడానికే చెయ్యందివ్వాలి. పీటెక్కి వింటుందా?"

"ఊహలెందుకు? ముద్ర తీస్తే తేలిపోతుంది."

అత్తగారు అప్పుడే చెంబుతో లోపలికొస్తోంది. వచ్చిన దగ్గర్నుంచీ పడగ్గది కిటికీ కింది కుండీలకు నీళ్లు పోయడమే ఆవిడ కాలక్షేపం. అంత సేవ చేస్తున్నా మొక్కలెందుకో రోజురోజుకీ తలలు వాలుస్తున్నాయి. విషయం విని ఆవిడ చెంబు కింద పెట్టింది.

"ఏ చెవి కావాలి బాబూ, కుడా, ఎడమా?"

"ఎడమ చాలు అత్తయ్యా."

ఆవిడ కమ్మ తీసి కూతురి చేతికిచ్చి, అద్దం పలకకు చెవి ఆనించింది. "ఇది నాది కాదని తేలితే?"

"క్షమాపణ చెప్తాను."

"నలుగురిలోనా?"

"నలుగురిలోనే."

"అయితే నేనూ వస్తాను. అమ్మాయీ, చీర మార్చుకో."

"నా చెవీ తీసుకోండి" అంది భార్య. "దీని తర్వాత నా మీదకే వస్తారు."

తలుపు మీది ముద్రను టేపుతో ఎత్తి, మిగతా రెండింటితో పాటు సంచిలో పెట్టుకుని ఆయన బయల్దేరాడు. బస్సులో తల్లీకూతుళ్లు ముందు సీట్లో కూర్చున్నారు. అల్లుడు చూడకుండా అత్తగారు రెండు చెవులూ కొంగుతో కప్పేసుకుంది.

ఆఫీసులో డైరెక్టరమ్మ అప్పటికే వచ్చి ఉంది. పక్కన ఆఫీసరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరాడవాళ్లు ఎందుకొచ్చారో అడక్కుండానే సహాయకురాలు కుర్చీలు వేసి మంచినీళ్లిచ్చింది. ఆ రోజు చెవుల సారుకు దక్కిన మొదటి ఉపకారం అదే.

"మీరు తయారుచేసి పెట్టుకున్న నమూనాలు నాకొద్దు" అంది డైరెక్టరమ్మ. "ఎవరిదో మీకే తెలియని ముద్ర ఏదైనా ఉందా?"

"ఉంది మేడమ్! పొద్దున్నే దొరికింది." ఆయన సంచి విప్పాడు.

"గట్టిగా అదిమితే ఒకలా, మెల్లిగా ఆనిస్తే ఒకలా పడుతుంది మేడమ్" అన్నాడు ఆఫీసరు. "వీటిని నమ్మలేం."

"అదిమితే వెడల్పు మారుతుంది సార్, బుడిపె ఎక్కడికీ పోదు" అన్నాడు చెవుల సారు, భూతద్దం బిగిస్తూ. అత్తగారి ముద్ర పక్కన పెట్టి చూశాడు. తమ్మె విడిగా ఉంది, బుడిపె లేదు. భార్యదీ కలవలేదు. ఆయన లేచి నిలబడి, అందరి ముందూ అత్తగారికి రెండు చేతులూ జోడించాడు. "తప్పయిపోయింది అత్తయ్యా."

"బతుకు బాబూ" అంది ఆవిడ.

"మరి ఎవరిది?" అంది డైరెక్టరమ్మ.

సహాయకురాలు భూతద్దంలోంచి తల ఎత్తి, చెవుల సారు కుర్చీ వెనక గోడను చూసి, మళ్లీ భూతద్దంలోకి చూసి, మళ్లీ గోడను చూసింది.

"సార్... ఇది గోడ మీద ఉంది."

విభాగం మొదలుపెట్టిన రోజున రిబ్బను కత్తిరించడం పాత పద్ధతి అని, ఆఫీసరు చేత అద్దం మీద చెవి ముద్ర వేయించారు. దానికి బంగారు రంగు ఫ్రేము కట్టించి, కింద ఆయన పేరు రాయించి వేలాడదీశారు. చెవుల సారు ఆ గోడకు వీపు పెట్టి కూర్చుంటాడు కాబట్టి దాన్ని ఎప్పుడో మరిచిపోయాడు. అతుక్కున్న తమ్మె. కందిగింజంత బుడిపె.

ఆదివారం సాయంత్రం గదిలోకి పిలిచి భార్య, "మీ ఆఫీసరు ఇంకా కదలరా?" అని అడగడం, "అంతేసి చెవులున్నాయి గాని, గడియారం కొట్టడం ఒక్కటే ఆయనకి వినపడదే" అని తను నవ్వడం చెవుల సారుకు అప్పుడు గుర్తొచ్చాయి. ఆఫీసరు మొహం ఎందుకు గంటు పెట్టుకున్నాడో అర్థమైపోయింది. ముద్ర తప్పంటే విభాగం పోతుంది. ఒప్పంటే ఆఫీసరు పరువు పోతుంది, ఆ వెనకే తన ఉద్యోగమూ పోతుంది.

"దీన్ని ఎక్కడ తీశారు?" అంది డైరెక్టరమ్మ.

"మా అమ్మాయి పడగ్గది తలుపు మీదమ్మా" అంది అత్తగారు. ఆఫీసరు చేతిరుమాలు తీశాడు. "ఆదివారం నేను కుండీల దగ్గర్నుంచి వస్తుంటే ఈ బాబు తలుపుకి చెవి ఆనించి ఉన్నారు. ఏంటి బాబూ అంటే, మీ అల్లుడికి చెప్పకుండా ఒక పరీక్ష పెడుతున్నానమ్మా, పట్టుకుంటాడో లేదో చూద్దాం అన్నారు. పెద్దవాళ్లు నమ్మి చెప్పారు కదా అని, పొద్దున్న నన్ను దొంగని చేసినా నేను నోరు విప్పలేదు."

ఆఫీసరు అత్తగారిని చూసిన చూపు, నీళ్లలో పడ్డవాడు ఒడ్డున చెయ్యి చాపినవాళ్లను చూసే చూపు.

"అవును మేడమ్! పరీక్షే. చాలా... చాలా రహస్యంగా."

"మరి నమ్మలేమన్నారు?"

"అదీ పరీక్షలో భాగమే మేడమ్."

డైరెక్టరమ్మ నవ్వేసింది. "ఇంత శ్రద్ధ ఉన్న మీ చేతిలోంచి దీన్ని తీసి నేలమాళిగలో పడేస్తానా? విభాగం ఇక్కడే ఉంటుంది. మీరే దగ్గరుండి చూసుకోండి."

వెళ్లేటప్పుడు ఆఫీసరు మెట్ల దాకా సాగనంపాడు. "మీ చేతి టీకి మళ్లీ వస్తానమ్మా."

"తప్పకుండా రండి బాబూ. ఈసారి గడియారం కొట్టగానే నేనే చెప్తాను."

ఆఫీసరు చెవులు రెండూ ఎర్రబడ్డాయి. చెవుల సారు మాత్రం మెట్ల మీదే ఆగిపోయాడు.

"అత్తయ్యా, ఆ గడియారం మాట నేను తలుపేసుకుని అన్నది. ఆయన విన్నారు, సరే. మీకెలా తెలిసింది?"

"తలుపుకి చెవి పెడితే అచ్చు పడుతుందని నేనొచ్చిన రోజే చెప్పావు కదా బాబూ" అంది అత్తగారు, కూతురి భుజం పట్టుకుని మెల్లిగా మెట్లు దిగుతూ. "కిటికీ కింద నిలబడితే ఏ అచ్చూ పడదు."

కుండీల్లో మొక్కలు ఎందుకు కుళ్లిపోతున్నాయో చెవుల సారు ఏ పొడీ అద్దకుండానే తేల్చేశాడు.