గంట తేడా మర్యాద

ఆ మంగళవారం పొద్దున ఇడా ప్రౌస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి లామింగ్టన్ కేకుల్ని కొబ్బరిలో దొర్లించడం, తొమ్మిదిన్నరకి పక్కనే ఉన్న బౌల్స్ ఆటగాళ్ళ క్లబ్బు హాల్లో టీ నీళ్ళు పెట్టడం, పన్నెండింటికి ఇద్దరు కౌన్సిల్ అధికారుల చేత ఒకే కాగితం మీద సంతకాలు పెట్టించడం. మొదటి రెండూ అనుకున్నట్టే జరిగాయి.

ఆ కాగితం వెనక పెద్ద కథే ఉంది. ఇడా ఇల్లు మా వీధికి దక్షిణం వైపు, న్యూ సౌత్ వేల్స్‌లో. ఆమె అక్క గ్వెండా ఇల్లు సరిగ్గా ఎదురుగా, క్వీన్స్‌లాండ్‌లో. ఈ గేటుకీ ఆ గేటుకీ మధ్య పదహారు అంగలు, నడిమధ్యన రాష్ట్రాల సరిహద్దు. మార్చి నెలలో గ్వెండా తన నాలుగు చక్రాల నడక బండిని, అదే వాకర్‌ని, తోసుకుంటూ చెల్లెలింటికి వస్తుంటే ఒక లారీవాడు హారన్ కొట్టాడు. ఆవిడ బెదిరి పడిపోయింది. ఎముక అతుక్కుంది గానీ ధైర్యం అతుక్కోలేదు. అక్కడ జీబ్రా గీతలు వెయ్యమని అడిగితే దక్షిణం కౌన్సిల్ "అవతలి సగం మాది కాదు" అంది. ఉత్తరం కౌన్సిల్ "ఇవతలి సగం మాది కాదు" అంది. సగం దాటిన మనిషి ఆ తర్వాత ఏం చెయ్యాలో రెండు కౌన్సిళ్ళూ చెప్పలేదు.

ఏడు నెలలుగా ఇడాయే రోజూ అవతలికి వెళ్ళి వస్తోంది. గ్వెండాకి అది బొత్తిగా నచ్చలేదు.

"ఎప్పుడూ నువ్వే రావడమేమిటే? నేనేమన్నా మంచాన పడ్డానా? నీ ఇంట్లో ఉన్న అమ్మ వంటింటి బల్ల దగ్గర కూచుని టీ తాగి ఏడు నెలలయింది. క్రిస్మస్ లోపు నా కాళ్ళ మీద నేను నీ ఇంటికి రాలేకపోతే, ఇల్లు అమ్మేసి టూవూంబాలో మా పిల్ల దగ్గరికి పోతా."

"పో. అక్కడ సముద్రమూ ఉండదు, నేనూ ఉండను. తెలిసొస్తుంది."

ఇడా అక్కడ నవ్వింది. ఇంటికొచ్చి ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే మెల్‌బోర్న్ నుంచి టామ్సిన్ అనే అమ్మాయి రంగు కాగితాలూ, ఊలు ఉండలూ వేసుకుని దిగింది. "సరిహద్దు ఊళ్ళ బతుకు: కలిసి గీద్దాం రండి" అని ఒక డిజైన్ వర్క్‌షాప్. ఊరివాళ్ళే బల్ల చుట్టూ కూచుని, తమకేం కావాలో గీసి, కత్తిరించి, అతికించాలి. చివరికి ఒక్క పని నిజంగా చేసిపెడతారు. షరతేమిటంటే, రెండు కౌన్సిళ్ళ మనుషులూ అదే రోజు కలిసి సంతకం చెయ్యాలి. చెయ్యకపోతే ఆ అవకాశం ఇంకో సరిహద్దు ఊరికి పోతుంది.

"అధికారుల్ని మీరే పిలవండి ఇడా. మీరు అందర్నీ ఎరుగుదురు కదా!" అంది టామ్సిన్. కొంప మునిగింది అక్కడే.

అక్టోబరు రాగానే దక్షిణం వాళ్ళు గడియారాలు గంట ముందుకి జరుపుకుంటారు. ఉత్తరం వాళ్ళు చస్తే జరపరు. కాబట్టి వేసవంతా ఇటు పన్నెండైతే అటు పదకొండు. దీనికోసం మా వీధిలో ఒక మర్యాద ఉంది. ఎవరికైనా వేళ చెప్పాల్సివస్తే వాళ్ళ గడియారం ప్రకారం చెప్పాలి. తన టైం తాను చెప్పేవాణ్ణి పొగరుబోతు అంటారు. మర్యాద మంచిదే. ఇద్దరూ ఒకేసారి పాటిస్తేనే చిక్కు.

ఉత్తరం అధికారి డెస్‌కి ఇడా ఫోన్ చేసింది. ఆయన యాభై ఏళ్ళవాడైనా ఇడా కళ్ళకి ఇంకా పిల్లాడే. బడి క్యాంటీన్‌లో ఆయనకి నలభై ఏళ్ళ కింద సాసేజ్ రోల్స్ వడ్డించింది ఆమే. "పదకొండుకి రా నాయనా" అంది, ఆయన టైం ప్రకారం. డెస్ కూడా మర్యాదస్థుడే. పెద్దావిడ పిలిచింది కాబట్టి ఆవిడ గడియారం ప్రకారం పోవడమే ధర్మం అనుకున్నాడు. గంట ముందే ఊడిపడ్డాడు.

"అవతలి కౌన్సిల్ వాళ్ళెవరూ రాలేదేం ఆంటీ?"

ఇడా గోడ గడియారం వైపు చూసింది, పదకొండు. గంట ముందొచ్చావని చెబితే ఆఫీసుకి పోతాడు. పోతే మళ్ళీ దొరకడు. డెస్ సంగతి మా ఊళ్ళో పిల్లల్నడిగినా చెబుతారు.

"దార్లో ఉన్నారు నాయనా, ఇప్పుడే వస్తారు. ఈలోపు కేకు తిను," అంది. ఆమె ఆ ఏడాది ఆడిన మొదటి అబద్ధం అది. ఆ పూట పూర్తయ్యేసరికి తొమ్మిది అబద్ధాలయ్యాయి.

టామ్సిన్ ఆయన చేతికి నీలం ఊలు ఉండ ఇచ్చింది. కొసని చొక్కా బొత్తానికి కట్టుకోవాలి. "అది మీరు." రెండో కొసని బల్ల మీది పెద్ద పటంలో రోజూ వెళ్ళే చోట్లకి గుండుసూదులతో గుచ్చుకుంటూ పోవాలి. ఊరివాళ్ళలో ఒకరి దారం ఆఫీసుకి పోయింది, ఇంకొకరిది చేపల మార్కెట్టుకి. ఇడాది మాత్రం వీధికి అడ్డంగా ఒక్క అంగుళం.

"ఇంకా పొడుగు పెట్టచ్చండీ. ఇంకెక్కడికెళ్తారు?" అంది టామ్సిన్.

"ఇంతేనమ్మా. నా బతుకంతా అంగుళంలోనే ఉంది. ఆ అంగుళమే దాటడం కష్టంగా ఉంది."

డెస్ చేతిలోని రెండో కేకు పళ్ళెంలో పెట్టేశాడు.

పన్నెండయింది. దక్షిణం అధికారి మెరిడిత్ జాడ లేదు. ఇడా వంటగదిలోకి వెళ్ళి గుసగుసగా ఫోన్ చేసింది.

"ఇంకా గంట టైముంది కదండీ? నా ఫోన్లో పదకొండే!" అంది మెరిడిత్.

"నువ్వెక్కడున్నావమ్మా?"

"సరిహద్దు కొండ మీద. కాలిబాట చూస్తున్నాను."

ఇడా నెత్తి కొట్టుకుంది. ఆ కొండ మీద ఫోన్లకి అవతలి టవర్ తగులుతుంది, గడియారం దానంతటదే వెనక్కి పోతుంది. మా ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ ఆ కొండ మీద ఫోన్ చూసి టైం నమ్మరు. మెరిడిత్ మొన్న జులైలో, సరిహద్దుకి ఎక్కడో దూరాన ఉన్న డబ్బో నుంచి వచ్చింది. ఇక్కడ ఆవిడకి ఇదే మొదటి అక్టోబరు. అక్కణ్ణించి దిగి కారెక్కి రావడానికి ఎంత లేదన్నా గంట.

ఇక డెస్‌ని ఇంకో గంట పట్టి ఉంచాలి. "మెరిడిత్ కారుకి గాలి పోయిందట." "పాపం, కంగారూ అడ్డమొచ్చిందట." "నువ్వు మీ అమ్మని చూడ్డానికి వెళ్ళే దారి గుచ్చలేదేం నాయనా?" ఆ చివరి మాట మాత్రం అబద్ధం కాదు. డెస్ తల్లి దక్షిణం వైపు వృద్ధాశ్రమంలో ఉంది. ఆయన ఆ సూది గుచ్చుతుంటే దారం సరిహద్దు గీత మీదుగా పోయింది. సూది ఊడకుండా బొటనవేలితో ఇంకోసారి నొక్కాడు.

ఈ హడావిడిలో ఇడా ఒకటి మరిచిపోయింది. అక్కని చెయ్యి పట్టుకుని తీసుకొస్తానని చెప్పిన వేళ కూడా దాటిపోయింది. గ్వెండా టోపీ పెట్టుకుని, లిప్‌స్టిక్ వేసుకుని, వరండాలో గంటసేపు కూచుంది. ఆ తర్వాత ఒళ్ళు మండి లేచింది.

సరిగ్గా అప్పుడే హాల్లో డెస్ కూడా లేచాడు. "ఇక నావల్ల కాదు ఆంటీ. కంగారూ నడిచొచ్చినా ఈపాటికి వచ్చేసేది." విసవిసా బయటికి నడిచాడు. బొత్తానికి కట్టిన ఊలు వెంట వచ్చింది. ఊలు వెంట పటం వచ్చింది. పటం చిరగకుండా పట్టుకుని టామ్సిన్ వచ్చింది, ఆమె వెనక ఊరంతా వచ్చింది.

రోడ్డు మధ్యలో, సరిగ్గా సరిహద్దు మీద, గ్వెండా వాకర్ పట్టుకుని వణుకుతూ నిలబడి ఉంది. అటు నుంచి రొట్టెల వ్యాను హారన్ కొడుతోంది.

"అక్కా!" అని ఇడా అరిచిన అరుపుకి డెస్ పరుగెత్తాడు. చెయ్యి చాచి వ్యానుని ఆపాడు. ఆయన వెనక నీలం ఊలు రోడ్డుకి అడ్డంగా పరుచుకుంది. ఇటువైపు నుంచి వస్తున్న కారు ఆ ఊలు చూసి కీచుమంటూ ఆగింది. అందులోంచి మెరిడిత్ దిగింది.

"ఎవరి సగంలో ఉన్నారీవిడ?" అంది, ఉద్యోగం అలవాటు కొద్దీ.

గ్వెండా వణుకు ఆగిపోయింది. వాకర్‌కున్న కూర్చునే పలక దించుకుని దాని మీద చతికిలబడింది.

"ముందు చక్రాలు నీవి తల్లీ, వెనక చక్రాలు ఆ అబ్బాయివి. నేనెవరిదాన్నో మీరిద్దరూ తేల్చుకోండి. అప్పటిదాకా కదిలేది లేదు."

రెండు రాష్ట్రాల్లోనూ హారన్లు మోగాయి. ఇడా కాగితం పట్టుకుని పరుగున వచ్చింది. డెస్ ఒకసారి గ్వెండాని చూశాడు, ఒకసారి తన బొత్తానికి వేలాడుతున్న దారాన్ని చూశాడు. కలం తీశాడు. ఆయన పెట్టాక మెరిడిత్ పెట్టకుండా ఎలా ఉంటుంది? కారు బానెట్ మీదే సంతకాలయిపోయాయి.

గ్వెండా మిగిలిన ఎనిమిది అంగలూ తన కాళ్ళ మీద తనే నడిచింది. ఇడా పక్కనే నడిచింది గానీ చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుంటే తిడుతుందని తెలుసు. గేటు దగ్గర ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఏడ్చారు.

తర్వాత తెలిసిన సంగతేమిటంటే, ఆ రోజు డెస్ జేబులోనూ మెరిడిత్ బ్యాగులోనూ "మీ విన్నపం పరిశీలనలో ఉంది" అని టైపు చేసిన ఉత్తరాలున్నాయి. ఇద్దరూ వేళకి వచ్చి ఉంటే బల్ల ముందు కూచుని, కేకు తిని, చెరొక ఉత్తరం చదివి వెళ్ళిపోయేవారు. ఇడా ఇప్పటికీ ఆ మాట తలుచుకుని వణుకుతుంది.

నవంబరు చివర్లో గీతలు పడ్డాయి. ప్రారంభోత్సవానికి టామ్సిన్ ఈసారి ఏ పొరపాటుకీ తావివ్వకుండా రెండు టైములూ పక్కపక్కనే అచ్చువేయించింది. అధికారులిద్దరూ ఠంచనుగా వచ్చి, రిబ్బను ఇటూ అటూ పట్టుకుని, మొదట దాటాల్సిన మనిషి కోసం గ్వెండా గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డారు.

గ్వెండా మాత్రం మర్యాద కొద్దీ తన టైముని చెల్లెలి గడియారంలో చూసుకుని, గంట ముందే గీతలు దాటేసి, అమ్మ బల్ల దగ్గర రెండో కప్పు టీ తాగుతోంది.