చలో అల్మాస్‌గూడ

ఆదివారం పొద్దున ఏడింటికి నలుగురు చుట్టాలొస్తారు, ఎనిమిదింటికి సామాను వ్యాన్ ఎక్కుతుంది, పదింటికల్లా అల్మాస్‌గూడలోని కొత్త కిరాయి ఇంట్లో పాలు పొంగుతాయి. బుచ్చయ్య వేసుకున్న లెక్క ఇంతే.

ముప్పై ఏళ్లుగా చంపాపేట్‌లో పార్టీ జెండా మోసిన మనిషి. ఈసారైనా డివిజన్ అధ్యక్ష పదవి దక్కుతుందని ఆశ. ఇన్‌చార్జి విశ్వేశ్వరరావు మాత్రం ఆన్‌లైన్‌లో బలం చూపినవాళ్లకే పదవని తేల్చేశాడు. బుచ్చయ్య బలమల్లా రెండు వాట్సాప్ గ్రూపులు: ఒకటి పార్టీది, ఒకటి చుట్టాలది. అభిమానం కొద్దీ చుట్టాల గ్రూపుకీ పార్టీ జెండా బొమ్మే పెట్టుకున్నాడు. కొంప ముంచింది అదే.

శనివారం చుట్టాలకని పంపిన రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పార్టీ గ్రూపులో పడింది. అక్కడొక ఆచారముంది: వచ్చినదాన్ని ముందు పది గ్రూపులకు పంపాలి, వినడం తీరిక దొరికినప్పుడు. "రేపు పొద్దుగాల ఏడింటికి అందరు మా ఇంటికి రాండ్రి, అల్మాస్‌గూడ పోవాలె" అన్నంతవరకే సోషల్ మీడియా కన్వీనర్ సుమలత విన్నది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె బస్సు దిగేలోపు పోస్టరు తయారైంది. పైన బుచ్చయ్య ఫొటో, కింద 'చలో అల్మాస్‌గూడ'. బీరువా, తాళ్లు, మడతమంచం సంగతి ఆ తర్వాతి నిమిషంన్నరలో ఉండిపోయింది.

తెల్లారి తలుపు తీసిన బుచ్చయ్య అలాగే నిలబడిపోయాడు. గల్లీ నిండా జనం, జెండాలు. చైతన్యపురి హాస్టళ్ల పిల్లలు, ఎల్బీనగర్ ఆటోవాళ్లు, మూడొందలకు తక్కువ లేరు. బిర్యానీ లేదు, బండి ఖర్చు లేదు, అయినా వచ్చారు. ఎందుకొచ్చారో ఒక్కరికీ తెలియదు, బుచ్చయ్య పిలిచాడని మాత్రం అందరికీ తెలుసు. ఇంటింటికీ తిరిగి బతిమాలిన రోజుల్లో కూడా ఇందులో పదోవంతు కదల్లేదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఫోన్‌లో లైవ్ చూసి ఇన్‌చార్జి ఎల్బీనగర్ నుంచి పరుగున వచ్చాడు. "ఇంత జనాన్ని నేనెప్పుడూ చూళ్లేదండీ. ఇంతకీ ఏం కార్యక్రమం?"

ఒక్క అబద్ధమాడితే పదవి చేతిలో పడుతుంది. కానీ తనకోసం వచ్చిన ఆ మొహాలు చూశాక అబద్ధం గొంతు దాటలేదు.

"ఇల్లు మారుతున్న సార్. చుట్టాలకు పంపింది తప్పి ఈడ పడ్డది."

గల్లీలో జెండాలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఇన్‌చార్జి ముఖం మాడింది. అప్పుడు బుచ్చయ్య భార్య ఈరమ్మ కొంగు బిగించి గడపలోకొచ్చింది.

"ఒచ్చినోళ్లు ఎట్లనో ఒచ్చిన్రు, ఒట్టి చేతులతోని పోతరా? తలా ఒకటి పట్టుండ్రి. బీరువాకు ఎనిమిది మంది రాండ్రి."

అంతే, వ్యాన్ అవసరమే పడలేదు. బీరువా ఆటో ఎక్కింది. బైకుల మీద వెనక కూర్చున్నవాళ్ల ఒళ్లో ఒక్కో గిన్నె, ఒక్కో దిండు. కర్మన్‌ఘాట్ దాకా బారులు తీరిన బండ్లను చూసి రోడ్డంతా ఆగిపోయింది. ముప్పై ఏళ్ల సంసారం ఒక్క విడతలో కదిలిపోయింది. ఇన్‌చార్జి కూడా ఒక స్టూలు పట్టుకున్నాడు.

అల్మాస్‌గూడలో స్టూలు దించి, అదే ఎక్కి, ఇంతమందిని ఒక్క మాటతో నడిపినవాళ్లే డివిజన్ అధ్యక్షులని ప్రకటించాడు. బుచ్చయ్య మెడ వంచాడు. కండువా వెళ్లి ఈరమ్మ భుజాన పడింది. అతని మనసు చివుక్కుమన్నది, అయినా ముందుగా చప్పట్లు కొట్టింది అతనే.

పాలు పొంగించే ఇత్తడి గిన్నె ఎవరి బండి మీద పోయిందో తెచ్చివ్వమని కొత్త అధ్యక్షురాలు పార్టీ గ్రూపులో తొలి వాయిస్ మెసేజ్ పెట్టింది. క్షణంలో నాలుగొందల దండాలు, పది నిమిషాల్లో పోస్టరు వచ్చాయి. పాలు మాత్రం ఇంకా పొంగలేదు.