తెరకు పట్టని పేర్లు

ఒక పెద్ద అడవిలో, వేసవి ముదిరి వాగులన్నీ ఇసుక దారులైపోయాక, నీళ్ళున్న చోటు ఒక్కటే మిగిలింది. దాన్ని నీలాల మడుగు అనేవాళ్ళు. మడుగు ఒడ్డున ఒక ఆఫీసు, ఆఫీసులో ఒక కంప్యూటరు. పనేమీ లేనప్పుడు ఆ కంప్యూటరు తెర మీద తెల్లటి జలపాతం బొమ్మ ఒకటి దూకుతూ ఉండేది.

కురంగి కిటికీలోంచి ఆ జలపాతాన్ని చూసేది. కురంగి పై కొండ నుంచి దిగి వచ్చిన ఆడజింక. అక్కడి వాగు ఎండిపోయాక కూన చుక్కిని వెంటబెట్టుకుని వచ్చింది. బొమ్మలో నీళ్ళు అంత చల్లగా, అంత ధారగా దూకుతుంటే, చప్పుడు కూడా వినపడుతున్నట్టే ఉండేది. తీరా కళ్ళు తిప్పి చూస్తే అది చుక్కి ఎండిన పొదుగును ఊరికే చప్పరిస్తున్న చప్పుడు.

ఆ వేసవిలోనే మహారాజు సింహం అందరినీ పిలిచి ఒక మాట ఇచ్చాడు. "నా అడవిలో చిన్నవాళ్ళు ముందు తాగాలి. నేను ఆఖర్న తాగుతాను!" కోతులు చప్పట్లు కొట్టాయి. మహారాజుకు గుహ వెనకాల సొంత ఊట ఉందని ఎవరూ గుర్తు చెయ్యలేదు.

మర్నాడే ఆఫీసు ఆ మాటను జాబితాగా మార్చింది. అందరికన్నా చిన్నవాడు ఎవడు? ప్రజలకు సేవ చేసేవాడు. కాబట్టి మొదటి పేరు అధికారి ఏనుగుది. రెండోది సూపర్నెంటు నక్కది. మూడోది కాపలా ఎలుగుది, నాలుగోది మడుగు తనిఖీ చేసే మొసలిది. ఆ తర్వాత మిగతా అడవి. నలభై మూడో పేరు కురంగిది. నలభై నాలుగు, మహారాజుది.

జాబితా కింద ఒక నిబంధన. 'జాబితాలో పేరున్నవారు, తెర మీద తమ వంతు కనబడనిదే నీరు ముట్టరాదు.'

మొదట్లో పేర్లన్నీ తెర మీద చక్కగా పట్టేవి. సరిగ్గా కురంగి పేరు ఎక్కిన రోజునే పట్టడం మానేశాయి. ఒక్కో అక్షరం గుమ్మడికాయంత అయిపోయింది. ఏడు పేర్లు కనిపించి, మిగతావి తెర అంచు దాటి ఎటో పోయాయి. పేర్లను పైకి జరిపే మీట కూడా వాటితోపాటే పోయింది.

కురంగి ఆఫీసు వాళ్ళు తన పేరు రాసిచ్చిన చీటీ పట్టుకుని, మడుగు వాకిట్లో ఉన్న ఎలుగు దగ్గరికి వెళ్ళింది. "అన్నా, ఇదిగో, నా పేరుంది."

"ఉందమ్మా, ఎవరు కాదన్నారు?" అన్నాడు ఎలుగు. మంచివాడే, కాకపోతే నిబంధనల పుస్తకం తప్ప ఇంకేదీ చదవలేదు. "పేరుంది కాబట్టే ఆగాలి. నీ వంతు తెర మీద కనిపించనీ."

"తెర మీద పట్టడం లేదు కదన్నా."

"అది తెర బాధ. నాది వాకిలి."

కురంగి ఆఫీసులోకి వెళ్ళింది. కంప్యూటరు దగ్గర గోరువంక కూర్చుని ఉంది. దాని పేరు వెన్నెల. పొరుగుసేవల కింద తీసుకున్న ఉద్యోగం, అందుకని జాబితాలో దాని పేరే లేదు. పొద్దున్నే ఆకుల మీది మంచు తాగి వస్తుంది.

"అక్కా, ఇది జబ్బు కాదు," అని వెన్నెల గుసగుసగా చెప్పింది. "డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు ఎవరో పెంచేశారు. రెండు నొక్కులు నొక్కితే మామూలైపోతుంది."

"మరి నొక్కమ్మా! నీకు పుణ్యముంటుంది."

వెన్నెల ముక్కు చాపిందో లేదో, వెనక నుంచి సూపర్నెంటు నక్క దగ్గాడు.

"ఆ సైజు పెంచింది ఎవరనుకున్నావు? నేను," అన్నాడు. "ఎవరి కోసం? అయ్యగారి కోసం. మొన్న అయ్యగారు తెర చూసి, దుప్పి పేరును కప్ప అని చదివారు. ఇప్పుడు తగ్గిస్తే ఏమని అర్థం? అయ్యగారికి చూపు ఆనడం లేదని అర్థం. ఆ మాట నువ్వంటావా, నన్ను అనమంటావా?"

లోపలి గదిలోంచి ఏనుగు ఘీంకరించాడు. "నాకేమయింది? నా కళ్ళు గద్ద కళ్ళు! లోపం పెట్టెలో ఉంది. మరమ్మతు చేయించండి!"

దాంతో మరమ్మతు మొదలైంది. తెరను తడిగుడ్డతో తుడిచారు. ఆ తడిగుడ్డ వంక చుక్కి చూసిన చూపుకి కురంగి గుండె చెరువైంది. తీగలు పీకి మళ్ళీ గుచ్చారు. పెట్టెకు నిమ్మకాయ కట్టారు. అక్షరాలు గుమ్మడికాయలుగానే ఉన్నాయి.

మూడో రోజున నిపుణుడైన కొంగను పిలిపించారు. ఆయన తెర ముందు ఒంటికాలి మీద పూటంతా నిలబడి, "సమస్య తెలిసింది," అన్నాడు. "పేర్లు ఎక్కువ, తెర తక్కువ. పెద్ద తెర తెప్పించండి."

"ఆహా!" అన్నాడు నక్క.

"రెండు నొక్కులండీ..." అంది వెన్నెల.

"నిపుణులు మాట్లాడుతుంటే మధ్యలో నీ నొక్కులేంటి?"

పెద్ద తెర వచ్చింది. దానికి మామిడాకులు కట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్ళు నక్కే తాగాడు. పెద్ద తెరకు పెద్ద అక్షరాలే అందమని నక్క సైజు ఇంకో మెట్టు పెంచాడు. ఈసారి అయిదు పేర్లే కనిపించాయి. ఏనుగు మురిసిపోయి, "చూశారా! పెట్టెలోనే ఉంది లోపం!" అన్నాడు.

కురంగి ఏడవలేదు. ఏడవడానికి కూడా ఒంట్లో నీరుండాలి కదా. రాలిన పూలు నమిలి ఆ తేమనే చుక్కి నోటికి అందించింది. చుక్కి కాళ్ళు తడబడుతున్నాయి. రేపటికి ఈ పిల్ల లేవదేమో అనుకుంటూ, కిటికీ అవతల దూకుతున్న జలపాతాన్ని చూడటం ఇక ఇష్టంలేక, కళ్ళు మూసుకుంది.

ఆ మర్నాడు పొద్దున్నే గుహ వెనకాల ఊట ఎండిపోయింది. మహారాజు మందీమార్బలంతో మడుగుకు వేంచేశాడు. అడవి అడవంతా ఒడ్డున నిలబడి చూస్తోంది.

ఎలుగు వంగి దండం పెట్టి, అడ్డంగా నిలబడ్డాడు. "ప్రభూ, తమ పేరు తెర మీద లేదు."

"ఏమిటీ?"

"జాబితాలో ఉంది, ప్రభూ. తెర మీద లేదు. తమరు ఆఖరని తమరే సెలవిచ్చారు."

మహారాజు పంజా లేచింది. కానీ వందల కళ్ళు చూస్తున్నాయి. ఇచ్చిన మాట గొంతులో ముల్లులా అడ్డం పడింది. "ఏనుగూ!" అని గర్జించాడు. "నా పేరు గంటలో తెర మీద కనిపించాలి!"

ఏనుగు నక్కను చూశాడు. నక్క వెన్నెలను చూశాడు. వెన్నెల నోరు తెరిచేలోపే నక్కకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"సైజు తగ్గిస్తే అయ్యగారి పరువు పోతుంది. పేర్లు తగ్గిస్తే ఎవరి పరువూ పోదు. అయిదో పేరు నుంచి నలభై మూడో పేరు దాకా తీసేయ్!"

"వాళ్ళందరూ ఏమవుతారండీ?"

"తెర మీద లేనివాళ్ళు ఎలాగూ లేనట్టే. కొత్తగా ఏమవుతారు?"

కురంగి కిటికీ దగ్గరే ఉంది. తన పేరు పోవడం కళ్ళారా చూడలేదు, అది ఏనాడూ కనిపించలేదు కదా. కానీ తెర మీద అయిదో పేరుగా, గుమ్మడికాయల్లాంటి అక్షరాలతో 'మహారాజు సింహం' అని వెలిగింది. కోతులు చప్పట్లు కొట్టాయి.

కురంగి చీటీని నోట కరుచుకుని, కూనను ముట్టెతో నెట్టుకుంటూ ఎలుగు ముందు నిలబడింది. అడగడానికి రాలేదు. చీటీ ఇచ్చేసి వెళ్ళిపోదామని వచ్చింది.

"పేరు తీసేశారన్నా. తీసుకో."

ఎలుగు చీటీ చూశాడు. పుస్తకం తీసి, ఒక్కో మాటా వేలు పెట్టి చదివాడు. 'జాబితాలో పేరున్నవారు...' ఆగి బుర్ర గోక్కున్నాడు. మళ్ళీ చదివాడు.

"పేరున్నవాళ్ళని ఆపమని ఉంది," అన్నాడు. "నీకు పేరు లేదు. లేనిదాన్ని ఆపమని ఎక్కడా రాయలేదమ్మా." పక్కకు జరిగాడు.

కురంగికి ఒక్క క్షణం అర్థం కాలేదు. కానీ చుక్కి అప్పటికే మోకాళ్ళ లోతులో ఉంది. కూన తాగుతుంటే మడుగంతా చిన్న చిన్న ఉంగరాలు విచ్చుకున్నాయి. వెనకాలే దుప్పులు, కుందేళ్ళు, ఉడుతలు, పేరు పోయిన అడవంతా చీటీలు పారేసి దిగింది.

ఇటు పేరున్న అయిదుగురూ వరసలో నిలబడ్డారు. మొదటి వంతు ఏనుగుది. ఏనుగు తాగడమంటే మాటలా? తొండం నిండాలి, నోట్లో పోసుకోవాలి, మళ్ళీ నిండాలి. పొద్దు నడినెత్తికి వచ్చింది. నక్క నాలుక బయటపెట్టి రొప్పుతున్నాడు. అందరి వెనకా మహారాజు, ఎండలో, ఇచ్చిన మాట మీద నిలబడి ఉన్నాడు.

కడుపునిండా తాగిన కురంగి ఆ పక్కగా వెళుతుంటే, ఆయన పిడచకట్టిన నోటితో పిలిచాడు.

"ఎవరు నువ్వు? నీకెలా దొరికాయి నీళ్ళు?"

"నేనెవర్నీ కానండీ, ప్రభూ," అంది కురంగి. "పేరు తీసేశారు."

మహారాజు మడుగు వంక చూశాడు, ఏనుగు తొండం వంక చూశాడు, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"తీయించుకోవాలంటే, అమ్మా, ఎవరిని అడగాలి?"

నీతి: పేరున్నవాడికి వంతు, పేరు లేనివాడికి నీళ్ళు.