కూర్మారావు ఆగిపోయిన రోజు

మధ్యాహ్నం భోజనాలయ్యాక సీనియర్ అసిస్టెంటు కూర్మారావు క్రాష్ అయ్యాడు. ముఖం నీలంగా మారి, నుదుటి మీద తెల్లటి అక్షరాలు వెలిశాయి: "అనుకోని సమస్య. కారణాలు భద్రపరుస్తున్నాం. కదిలించవద్దు." ఆఫీసులో ఎవరూ కంగారుపడలేదు. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు ఇలా ఆగిపోవడం మామూలే. పక్క సీటాయన ఫ్యాను కూర్మారావు వైపు తిప్పి, తన పనిలో పడ్డాడు.

కబురందుకుని భార్య భ్రమరాంబ వచ్చేసరికి, ఆఫీసరు కూర్మారావు చెవి వెనక బొత్తాం మీద వేలు పెట్టి ఉన్నాడు.

"నొక్కీకండి బాబూ!"

"నొక్కితే ఇప్పుడే లేస్తాడమ్మా. అవతల జనం నిలబడి ఉన్నారు."

"పోయినసారీ అలాగే లేపీసినారు. ఇంటికొచ్చి, 'ఈ పిల్ల ఎవులు?' అని కన్నకూతుర్నే అడిగినారు. ఎందుకు ఆగిపోతన్నారో తేలేదాకా ఎవుల్నీ ముట్టుకోనివ్వను."

ఆమె కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుని, అరచేత్తో ఆ బొత్తాం మూసేసింది. ఆఫీసరు చేసేది లేక వెనక్కి తగ్గాడు.

కాసేపటికి కంప్యూటర్ల విభాగం నుంచి శాంతిప్రియ అనే అమ్మాయి వచ్చి, కూర్మారావు మెడ వెనక ఒక తీగ తగిలించింది.

"మంచిపని చేశారమ్మా. లేపేస్తే ఆఖరి క్షణంలో మనసులో ఏముందో చెరిగిపోతుంది. అందరూ లేపేశాకే, ఎందుకు పడ్డాడని మమ్మల్ని అడుగుతారు."

మనసంతా కాపీ అయ్యేసరికి సాయంత్రమైంది. భ్రమరాంబకి విసుగనిపించలేదు. పెళ్లయ్యాక ఆయన ఇంతసేపు తన పక్కన కూర్చున్నది ఇప్పుడే.

"దొరికింది," అంది శాంతిప్రియ. "ఆదివారం కూడా రమ్మని సారు చెప్పారు. ఈయన లోపల 'కుదరదు' అనే మాట బయల్దేరింది. ఎప్పుడూ వాడని మాట కదా, గొంతులో దారి దొరక్క అక్కడక్కడే తిరిగి, అన్నిటినీ ఆపేసింది."

"అయితే ఆఫీసు తప్పేం లేదన్నమాట," అని ఆఫీసరు ఊపిరి పీల్చుకున్నాడు.

"ఆ మాటకి దారి వెయ్యొచ్చమ్మా," అంది శాంతిప్రియ భ్రమరాంబతో. " లేదా మాటనే వేళ్లతో సహా తీసెయ్యొచ్చు. మీ ఇష్టం."

"దారేస్తే ఇంట్లోనూ అంటారేటి?"

"మాటకి ఇల్లూ ఆఫీసూ తేడా తెలీదు కదండీ."

భ్రమరాంబకి తమ ఇంటి ముందుగదిలో కాపురం పెట్టిన తన చెల్లెలి కుటుంబం గుర్తొచ్చింది. ఊరు మారదామని ఆయన ఒకసారి ఎత్తి, తన ముఖం చూసి వదిలేసిన మాటా గుర్తొచ్చింది.

"ఇంతకుముందు ఎన్నిసార్లు ఆ మాట గొంతుదాకా వచ్చిందో కూడా ఈ కాపీలో ఉంది. చూస్తారా?"

"వద్దమ్మా," అంది భ్రమరాంబ. కొంగుతో ఆయన నుదురు తుడిచింది. "తీసెయ్."

కూర్మారావు హాయిగా లేచాడు. "చిన్మయి అన్నం తిన్నాదా?" అని కూతురి సంగతి అడిగాడు. భ్రమరాంబ కళ్లు చెమర్చాయి. ఆదివారం రమ్మని ఆఫీసరు మళ్లీ చెబితే, "అలాగేనండీ," అన్నాడు, చిరునవ్వు చెదరకుండా.

బస్టాపులో ఆమె ఉండబట్టలేక అడిగింది: "ఏమండీ, నా మీద ఎప్పుడైనా కోపమొచ్చినాదా?"

కూర్మారావు కళ్లు మూసుకుని నిజాయితీగా వెతికాడు. అలా వెతుకుతుండగా ఒక బస్సు వెళ్లిపోయింది.

"ఏదీ కనపడ్డం లేదే," అన్నాడు.

భ్రమరాంబ తృప్తిగా ఆయన చెయ్యి పట్టుకుని తర్వాతి బస్సెక్కింది.