కళ్ళు మూసిన ఫోటో

ఆ శనివారం పొద్దున్న త్రినాధరావు పెట్టుకున్న పని ఒక్కటే. సత్తియ్య గారి ఫోటోను స్టూడియో షోకేసులో పెట్టాలి, ఆయన దాన్ని చూడాలి, చూసి మనసు కరగాలి. ఇంత చిన్న కోరికకు అనకాపల్లి బెల్లం మార్కెట్టు మూతపడుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

సత్తియ్య గారు బెల్లం వర్తకుడు, స్టూడియో ఉన్న గదికి యజమాని. ఉగాది ముందు వచ్చే కొత్తమావాస్య జాతర నాటికి గది ఖాళీ చేయమని, అందులోకి సెల్‌ఫోన్ల కొట్టు వస్తోందని ఆయన చెప్పేశాడు. త్రినాధరావుకు ఆ గదే అన్నం పెట్టే తల్లి. పెళ్ళికి ముందునుంచీ అక్కడే ఉన్నాడు, సొంతంగా డార్క్‌రూమ్ కట్టుకున్నాడు, ఇప్పుడు ఎక్కడికి పోతాడు? బతిమాలి చూశాడు. సత్తియ్య గారు ఆయన అమ్మే బెల్లం దిమ్మకన్నా గట్టివాడు. సరే, మాటతో కానిది ఫోటోతో అవుతుందనుకున్నాడు త్రినాధరావు. తన కళ మీద అతనికి అంత నమ్మకం మరి.

ఊరికి మాత్రం ఆ నమ్మకం లేదు. ఊరి దృష్టిలో త్రినాధరావు చావు ఫోటోలవాడు. ఆ చుట్టుపక్కల పెద్దవాళ్ళెవరైనా పోతే, కుర్చీలో కూర్చోబెట్టి, తల వాలకుండా వెనకనుంచి ఒకరు పట్టుకుంటే, ఆఖరి ఫోటో తీయించుకోవడం ఆచారం. రంగుల్లో తీస్తే మొహం పాలిపోయి కనిపిస్తుందని వాటిని బ్లాక్ అండ్ వైట్‌లోనే తీస్తాడు. ఆ పనిలో అతని తర్వాతే ఎవరైనా. మూడు మండలాల్లో ఏ ఇంటి గోడ చూసినా అతను తీసిన తాతలు కళ్ళు మూసుకుని ప్రశాంతంగా ఉంటారు.

ఇక సత్తియ్య గారి ఫోటో సంగతి. ఆ వారం మార్కెట్లో బెల్లం వేలంపాట జరుగుతుంటే త్రినాధరావు కెమెరా పట్టుకుని స్తంభం చాటున నిలబడ్డాడు. సత్తియ్య గారు కొత్త దిమ్మ అంచు గిల్లి నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకున్నాడు. పైరేకుల సందులోంచి వెలుగు సరిగ్గా ఆ మొహం మీద పడింది. ఎప్పుడూ చిటపటలాడే మనిషి ఆ ఒక్క క్షణం పాలు తాగిన పసివాడిలా అయిపోయాడు. క్లిక్! అదే ఫోటోను పెద్దగా చేసి, నల్లటి ఫ్రేము కట్టించి, షోకేసు నడిమధ్యన పెట్టాడు. కళాత్మకంగా ఉంటుందని బ్లాక్ అండ్ వైట్‌లోనే! కళ్ళు మూసిన ఫోటో, నల్ల ఫ్రేము, చావు ఫోటోల స్టూడియో. అతనికి ఏ అనుమానమూ రాలేదు. తృప్తిగా డార్క్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

రోజూ స్టూడియోలో దేవుడి పటానికి దండ తెచ్చే నూకరత్నం వచ్చింది. షోకేసు చూసి గుండెలు బాదుకుంది.

"అయ్య బాబోయ్! సత్తియ్య బాబు పోయేడేటి! ఓ త్రినాధబాబూ, దండ ఎయ్యమంటావా?"

"ఏసీసి ఎల్లిపో! తలుపు మాత్రం తియ్యకు, ఎలుగు పడితే ఫోటో పేపరు పాడైపోద్ది!" లోపల్నుంచి కేక వినపడింది. మొదటి మాటలు అతనికి వినపడలేదు, వినపడింది దండ ఒక్కటే.

దేవుడు ఒక్కరోజు ఓర్చుకుంటాడులే అని ఆమె దండను సత్తియ్య గారి ఫోటోకు వేసి, ఏడ్చుకుంటూ మార్కెట్టువైపు వెళ్ళింది. అక్కడ పాటలు పాడేవాళ్ళ కంటే మాటలు మోసేవాళ్ళు ఎక్కువ. వర్తకుల సంఘం ప్రెసిడెంటు బాబూరావు మనిషిని సత్తియ్య గారి ఇంటికి పంపాడు. ఇంటికి తాళం. "నాతవరం సొంతూరు కదా, శవాన్ని అక్కడికి పట్టుకుపోయుంటారు" అని వాడే తేల్చేశాడు. పెద్ద వర్తకుడు పోతే ఆ రోజుకు పాట ఆపడం మార్కెట్టు కట్టుబాటు. ఆపేశారు. మరి సంతాపం ఎక్కడ చెప్పుకోవాలి? శవమా ఊళ్ళో లేదు, ఇంటికా తాళం. ఇక మిగిలింది ఫోటో. అందరూ స్టూడియోకు బయలుదేరారు.

త్రినాధరావు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి రోడ్డు నిండా జనం. అందరూ తను తీసిన ఫోటోనే చూస్తున్నారు. కొందరు కళ్ళు ఒత్తుకుంటున్నారు. అతని ఒళ్ళు పులకరించింది. ఎన్నాళ్ళకు! కళను చూసి కన్నీళ్ళు పెట్టే రోజు అనకాపల్లికి వచ్చింది!

"ఎలా ఉందండి?" అన్నాడు వినయంగా.

"ఏం సెప్పమంటావు బావా! మొహంలో ఎంత శాంతి!" అన్నాడు బాబూరావు గద్గదంగా. "ఆ టయాన నువ్వు పక్కనే ఉన్నావా?"

"ఎదురుగానే ఉన్నానండి. బెల్లం ముక్క నోట్లో ఏసుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు, అంతే!"

"ఆఁ! బెల్లం నోట్లో ఉండగానే పోయేడా! ఎంత పున్నెం!" అని బాబూరావు చేతులు జోడించాడు. వెనకనున్నవాళ్ళూ జోడించారు.

అప్పుడు చూశాడు త్రినాధరావు దండను. గది పోయినట్టే. బహుశా ప్రాణం కూడా.

"ఆయన సావలేదండీ! బతికే ఉన్నాడు!" అని అరిచాడు.

"పాపం, తట్టుకోలేకపోతన్నాడు," అంది నూకరత్నం. "అద్దెకున్నోడికే ఇంత బాధైతే ఇంటావిడ తలుపులమ్మగారు ఏమైపోతారో!" ఎవరో అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి సోడా తాగించారు. అతను లేవబోతే భుజాలు పట్టి మళ్ళీ కూర్చోబెట్టారు.

బాబూరావు మెట్టెక్కి మాట్లాడడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు అవతల ఆటో ఆగింది. అందులోంచి సత్తియ్య గారు, భార్య తలుపులమ్మ ప్రసాదం పొట్లాలతో దిగారు. శనివారం కదా, ఉప్మాక వెంకన్న దర్శనానికని తెల్లారకముందే వెళ్ళారు.

"ఎవలు పోయేరయ్యా?" అని జనం వెనక నిలబడ్డ ఓ రైతును అడిగాడు సత్తియ్య గారు.

"సత్తియ్య గారంట," అన్నాడు రైతు తల తిప్పకుండా.

తలుపులమ్మ కెవ్వుమనబోయింది. సత్తియ్య గారు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఉండయే. బాబూరావు ఇంకా మాటాడతన్నాడు."

"ఉన్నదున్నట్టు సెప్తున్నాను," అంటున్నాడు బాబూరావు, కండువాతో ముక్కు తుడుచుకుని. "పాటలో నేను ఆడితో ఎన్నోసార్లు గొడవపడ్డాను. కానీ ఆడి తూకంలో ఎప్పుడూ తేడా లేదు. రైతును మోసం సెయ్యలేదు. ఈ మాట ఆడు బతికుండగా ఒక్కసారైనా అనుంటే బాగుండేది."

"ఇప్పుడన్నా అన్నావు కదా బావా," అన్నాడు సత్తియ్య గారు.

జనం రెండుగా చీలిపోయారు. నూకరత్నం బుట్ట వదిలేసింది. బాబూరావు ముందు కళ్ళు తేలేసి, తర్వాత తేరుకుని, ఉగ్రరూపం ఎత్తాడు. "ఒరే త్రినాధా! మార్కెట్టు మూయించేవు కదరా!" అని కుర్చీమీదికి ఉరికాడు. సత్తియ్య గారు చెయ్యి అడ్డంపెట్టి, షోకేసు దగ్గరికి నడిచాడు. దండ తీసి పక్కన పెట్టాడు. చాలాసేపు చూశాడు.

"ఇది నేనేనా?" అన్నాడు చివరికి. "నా మొహం ఇలాగుంటాదని నాకు తెలీదు. అద్దంలో ఎప్పుడూ అప్పులోణ్ణి తిడతన్నట్టే ఉంటాను."

"నాకు తెలుసు," అంది తలుపులమ్మ మెల్లగా. "ఏటా కొత్త బెల్లం నోట్లో ఏసుకున్నప్పుడల్లా ఇలాగే ఉంటాడు. ఎవలికి సెప్పినా నమ్మీవోరు కాదు."

సత్తియ్య గారు త్రినాధరావువైపు తిరిగాడు.

"జాతరకి గది కాళీ సెయ్యమన్నాను కదా?"

"అన్నారండి."

"జాతర ఎల్లనీ. ఆ తరవాత మా ఆవిడికీ ఇలాంటిదే ఒకటి తియ్యి. కళ్ళు మాత్రం తెరిపించు." ఆయన మెట్టు దిగి, ఆగి, మళ్ళీ అన్నాడు. "సెల్‌ఫోనోళ్ళకి నేను సెప్పుకుంటాన్లే."

త్రినాధరావు ఏడ్చాడు. ఈసారి ఎవరూ సోడా ఇవ్వలేదు.

ఆ వారమంతా స్టూడియో ముందు ముసలివాళ్ళు బారులు తీరారు. అందరికీ సత్తియ్య గారి లాంటి ఫోటోయే కావాలి, అదీ బతికుండగానే, పోయేక చూసుకోలేం కదా అని. ఇక వర్తకుల సంఘం వెంటనే సమావేశమై, సత్తియ్య గారి చావుకు ఇవ్వాల్సిన సెలవు ముందే ఇచ్చేసినందున, ఇక మీదట ఆయన నిజంగా పోయినా పాటలు యథావిధిగా జరుగుతాయని ఏకగ్రీవంగా తీర్మానించింది.