ముగ్గు తొక్కని హాకీ

ప్రపంచంలో ఏ ఆటైనా ముందు పుడుతుంది, రూల్సు తర్వాత పుడతాయి. ఈ పద్ధతిలోని అనాగరికతను గుర్తించి సరిదిద్దిన ఘనత జగ్గయ్యపేట–నందిగామ వీధి హాకీ వినోద లీగుది. మాకు రూల్సు ముందు వచ్చాయి. ఆట కూడా వచ్చింది గానీ, వాటిని దాటుకుని లోపలికి రాలేక చాలాకాలం గేటు బయటే నిలబడింది.

ఈ లీగుకి అంపైర్ని నేను, మాది జగ్గయ్యపేటే. నాకు విజిల్ ఇచ్చారు, ఓటు ఇవ్వలేదు. గోలు పడితే విజిల్ రెండుసార్లు ఊదాలని నియమావళిలో ఉంది. మూడేళ్ళుగా లీగు నడుస్తున్నా, మొన్న ఫైనల్ దాకా ఆ రెండో ఊదుడు ఎలా ఉంటుందో నాకే తెలీదు.

లీగు అధ్యక్షులు జగన్నాథరావుగారిది జగ్గయ్యపేట. డిప్యూటీ తాసిల్దారుగా రిటైరయ్యారు. రిటైరయ్యాక సంతకం పెట్టడానికి ఏమీ దొరక్క మనిషి బాగా చిక్కిపోయారు. రోజూ కాసేపు నడవమని డాక్టరు చెబితే, ఆయన కాసేపు ఆలోచించి నియమావళి రాశారు. (బీపీ వెంటనే అదుపులోకి వచ్చింది.) ఉపాధ్యక్షులు ప్రేమదాసు మాస్టారిది నందిగామ, హైస్కూల్లో సోషలు చెబుతారు. లీగులో మొత్తం జట్లు రెండు: జగ్గయ్యపేట, నందిగామ. హోరాహోరీ పోటీ తర్వాత ఏటా ఈ రెండే ఫైనల్‌కి చేరుతున్నాయి.

జట్టుకి అయిదుగురు. సిమెంటు రోడ్డు, టెన్నిస్ బంతి, ఎవరి కర్ర వారిదే. ఒక ఆదివారం ప్రెసిడెంటుగారి వీధిలో ఆడితే, మరో ఆదివారం మాస్టారి వీధిలో ఆడతాం.

నియమావళి గొప్పతనం చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. బంతి మోకాలి ఎత్తు దాటరాదు. (ప్రెసిడెంటుగారి వీధిలోని రామబ్రహ్మంగారు అరుగు మీద కూచుని ఉప్మా తింటున్న రోజు నుంచీ ఈ రూలు అమల్లో ఉంది.) బంతి సైడు కాల్వలో పడితే కొట్టినవాళ్ళే తియ్యాలి, కడిగేదాకా అది ఏ జట్టుదీ కాదు. బంతి ఎవరింట్లోకైనా వెళితే, ఆ ఇంటివాళ్ళతో మాటలున్న ఆటగాడే వెళ్ళి అడగాలి. రెండు జట్లలోనూ అలాంటివాళ్ళు లేకపోతే మ్యాచ్ డ్రా. కుక్క తీసుకుపోతే కుక్కని తటస్థంగా భావించాలి. నీళ్ళ ట్యాంకరు వస్తే ఆట ఆపి రెండు జట్లూ బిందెలు అందుకోవాలి, ఎవరి బిందెలు ముందు నిండాయన్నది మాత్రం ఫలితంలో కలపరాదు. వాళ్ళమ్మ పిలిస్తే ఆటగాడు అప్పటికప్పుడు అవుటైనట్టు. దీనికి హాకీలో అవుటు లేదని కాలేజీ కుర్రాళ్ళు అభ్యంతరం చెప్పారు గానీ, అమ్మ పిలిచేసరికి వెళ్ళిపోయారు.

వీటన్నిటికీ మకుటం పదకొండో రూలు. రోడ్డు మీద తెల్ల పెయింటుతో గోలు ముందు 'డీ' అనే అర్ధచంద్రం గీసుకుంటామని అనుమతి కోసం పెట్టిన కాగితం ఇంకా ఏ సెక్షనుదో తేలలేదు. అందాకా జగన్నాథరావుగారు తన ఇంటి గేటునే జగ్గయ్యపేట గోలుగా ప్రకటించారు. వీధి సరిగ్గా ఆయన గేటు మీదికే వచ్చి ఆగుతుంది. అది వీధిపోటు ఇల్లు. వాస్తు ప్రకారం ఎంత నష్టమో, హాకీ ప్రకారం అంత లాభం. గేటు ముందు ఆయన భార్య చూడామణిగారు రోజూ వేసే ముగ్గు ఎలాగూ ఉంది. దాంతో ఇలా రాశారు: "గేటు ఎదుట గల ముగ్గే డీగా పరిగణించబడును. ముగ్గు వేసినవారు తప్ప ఇతరులెవ్వరూ అందు కాలు మోపరాదు. బంతి వలన గీత చెరిగినచో ఆ గోలు చెల్లదు."

దీన్ని ఎవరూ వ్యతిరేకించలేదు. మా వైపు మనుషులు సిగ్నల్ దాటతారు, క్యూ దాటతారు, ముగ్గు మాత్రం దాటరు. పక్కనుంచి గోడకి అంటుకుపోయి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళతారు.

అవతలి గోలు మెయిన్ రోడ్డు వైపు, రెండు ఇటుకలు. అటు బంతి వెళ్ళిందంటే ఏదో ఒక ఆటో వీధిలోకి తిరుగుతుంది. ఆటో తిరిగితే ఆట ఆగాలి (ఆరో రూలు). కాబట్టి ఆ గోలుని కాపాడ్డానికి మనిషి అవసరం లేదు, జిల్లాలోని ఆటోలన్నీ ఉన్నాయి.

సీజను మొదట్లో చూడామణిగారి ముగ్గు ఏడు చుక్కలదే. బయటినుంచి గట్టిగా కొడితే ఒక మూలనుంచి గేటు తగిలే అవకాశం ఉండేది. ఇంతలో ధనుర్మాసం వచ్చింది. ఆమెకి హాకీ గురించి ఏమీ తెలీదు, తెలుసుకునే ఉద్దేశమూ లేదు. తెల్లారగట్ల లేచి వేసిన ముగ్గు చుట్టూ పదిమంది కర్రలు పట్టుకుని నిలబడి, గీత చెరక్కుండా గంటసేపు దాన్నే చూస్తున్నారన్నది మాత్రం తెలుసు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ముగ్గుని అంత శ్రద్ధగా ఎవరూ చూళ్ళేదు. ఆ ఆనందంలో ముగ్గు పదకొండు చుక్కలయింది. తర్వాత పదిహేను. తర్వాత ఇరవై ఒకటి, గోడ నుంచి గోడకి, మూడో ఇల్లు రామబ్రహ్మంగారి గేటు దాకా. ఆటస్థలం మిగిలిన రోడ్డుకి కుదించుకుంది. కార్నర్ కొట్టాల్సినవాళ్ళు రామబ్రహ్మంగారి అరుగెక్కి కొట్టారు. (ఆయన ఉప్మా లోపలికి మార్చుకున్నారు.)

ముగ్గు మధ్యలో ఆమె గొబ్బెమ్మల్ని కూడా పెట్టారు, అయిదు, ఒక్కోదాని మీద గుమ్మడిపువ్వు. దీంతో జగ్గయ్యపేట జట్టులో పదిమంది ఆడుతున్నారని నందిగామ లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసింది. కమిటీ స్థలాన్ని పరిశీలించి, గొబ్బెమ్మల దగ్గర కర్రలు లేవు కనక వాటిని ఆటగాళ్ళుగా గుర్తించలేమని తేల్చింది.

నందిగామ చేతులు ముడుచుకు కూచోలేదు. మాస్టారి భార్య ఆరోగ్యమ్మగారు క్రిస్మస్‌కి వాళ్ళ వీధిలో నక్షత్రం వేశారు. ఆ నక్షత్రం తోక సెంటరు లైను దాకా వచ్చింది. మధ్యలో దేవుడి వాక్యం. దాని మీదికి బంతి కొట్టడానికి మావాళ్ళకెవరికీ చేతులు రాలేదు. కెప్టెన్ ఆత్రేయ కర్ర కింద పెట్టి దణ్ణం పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరు గృహిణులూ ఫోన్‌లో డిజైన్లు పంపుకోవడం మొదలైంది. నిజం చెప్పాలంటే, ఈ లీగు వల్ల రెండు ఊళ్ళ మధ్య పెరిగిన స్నేహం ఇదొక్కటే.

మూడేళ్ళ గోల్స్ మొత్తం సున్నా. కప్పుని ఏటా చీటీ వేసి ఇస్తున్నాం. అందరికీ బాగానే ఉంది, ఒక్క సంయుక్తకి తప్ప.

సంయుక్త నందిగామ జట్టు ఫార్వర్డు, అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఓ ఆదివారం మ్యాచ్ అయ్యాక నా దగ్గరికొచ్చి నిలబడింది.

"సార్, కప్పు మీ ఊరివాళ్ళనే ఉంచుకోమనండి, నాకు ఒక్క గోలు కావాలి. స్కూల్లో, కాలేజీలో అంతా డిఫెన్సే ఆడా. ఒక్కసారి, నా పేరు మీద ఒక్క గోలు చూసుకోవాలనుంది. పడితే వేదాద్రి వస్తానని స్వామికి మొక్కుకున్నా కూడా."

నాకు జాలేసింది. నాకున్న అధికారంలో నేను చేయగలిగింది చేశాను. నియమావళి చదువుకోమ్మా అన్నాను.

అలా చెప్పినప్పుడు మామూలుగా ఎవరూ చదవరు. ఆ అమ్మాయి చదివింది. లెక్కల టీచరు కదా, పదకొండో రూలు దగ్గర ఆగి రెండోసారి చదివింది. అప్పుడు నవ్వింది.

ఫైనల్ నాటి ఉదయం తొలి బస్సుకే సంయుక్త జగ్గయ్యపేటలో దిగింది. మోకాళ్ళ నొప్పితో ఇరవై ఒక్క చుక్కలు పెట్టలేక చూడామణిగారు గేటు పట్టుకుని నిలబడి ఉన్నారట. "మీరు కూచోండి ఆంటీ, ఇవాళ నేను వేస్తా" అని ఈ అమ్మాయి ముగ్గు గిన్నె అందుకుంది. ఇరవై ఒక్క చుక్కలూ పెట్టింది, తీగలు అల్లింది. ఆ తీగల మధ్య మాత్రం జానెడు వెడల్పున ఒక బాట వదిలింది. ఆ బాట మెలికలు తిరిగి, గొబ్బెమ్మల పక్కనుంచి పోయి గేటు దగ్గర తేలుతుంది. అదేం డిజైనమ్మా అని చూడామణిగారు అడిగితే, కొత్తదండి అంది. ఆమె మురిసిపోయారు. లోపలికి పిలిచి పెసరట్టు పెట్టారు. బొట్టుపెట్టి, పసుపు కుంకుమ, రవికెగుడ్డ చేతిలో పెట్టారు. పక్కింటి పెళ్ళి దగ్గర్నుంచి తన మోకాళ్ళ దాకా అన్నీ చెప్పుకున్నారు.

మ్యాచ్ మొదలైంది. ఎప్పట్లానే నడిచింది. మెయిన్ రోడ్డు వైపు ఆటోలు తమ విధి నిర్వర్తించాయి. ఇంక కాసేపట్లో చీటీలు రాయాలనగా, సంయుక్త బంతిని ముగ్గు అంచు దాకా తెచ్చింది. అందరూ అలవాటు ప్రకారం ఆగిపోయారు. ఆత్రేయ గేటు దిమ్మ మీద కూచుని ఫోన్ చూసుకుంటున్నాడు. ముగ్గు పెరిగిన దగ్గర్నుంచీ మా గోల్‌కీపరు చేసేది అదే.

సంయుక్త చెప్పులు విడిచింది. ముగ్గులో కాలు పెట్టింది.

వీధి వీధంతా కొయ్యబారిపోయింది. రామబ్రహ్మంగారు ఉప్మా ప్లేటుతో సహా బయటికొచ్చారు. ఆ అమ్మాయి బంతిని కర్రకి ఆనించి, తను వదిలిన బాటలోనే నడిపించుకుంటూ, ఒక మెలిక, రెండో మెలిక, గొబ్బెమ్మని చుట్టి వెళుతోంది. ఒక్క గీత చెరగలేదు. ఆత్రేయ తలెత్తి చూసి, కిందికి దిగబోయి, కింద ముగ్గుండటం చూసి మళ్ళీ పైకెక్కాడు. పాపం, అతను వేసిన ముగ్గు కాదు. బంతి వెళ్ళి గేటుకి టంగుమని తగిలింది.

నేను విజిల్ ఊదాను. మళ్ళీ ఊదాను. రెండోది కూడా అచ్చం మొదటిదానిలానే ఉందని అప్పుడు తెలిసింది. నాకు ఒళ్ళంతా పులకరించింది, దాచుకోవడం ఎందుకు. నందిగామవాళ్ళు ఎగిరారు, మావాళ్ళు కూడా పొరపాటున ఎగిరారు. గోలు పడితే ఏం చెయ్యాలో ఎవరికీ అలవాటు లేదు. కొందరు ఒకళ్ళకొకళ్ళు హ్యాపీ న్యూ ఇయర్ చెప్పుకున్నారు. అప్పుడే వీధిలోకి తిరిగిన ట్యాంకరు డ్రైవరు హారన్ ఆపకుండా కొట్టాడు. చూడామణిగారు మోకాళ్ళు మర్చిపోయి మెట్లు దిగొచ్చి, చూశారా, గీత చెరగలేదు అని వీధిలో ప్రతివాళ్ళకీ చూపించారు. సంయుక్త ముగ్గు మధ్యలో నిలబడి నవ్వుతోంది, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

అప్పుడు జగన్నాథరావుగారు గొంతు సవరించుకున్నారు. కమిటీ సమావేశమైంది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు.

ప్రేమదాసు మాస్టారు లేచి నిలబడి వాదించారు. ముగ్గు వేసినవారికి కాలు పెట్టే హక్కుందని మీరే రాశారు, ముగ్గు వేసింది మా అమ్మాయి, గోలు మా అమ్మాయిది. చక్కగా, సోషలు పాఠంలా చెప్పారు.

జగన్నాథరావుగారు ఆ వాదనని పూర్తిగా అంగీకరించారు. (ఆయన సర్వీసులో, అంగీకరించినప్పుడే ఎదుటివాళ్ళు భయపడేవారట.) తర్వాత ఒక చిన్న సందేహం వెలిబుచ్చారు. మన సంప్రదాయంలో ఇంటి ముందు ముగ్గు వేసేది ఎవరు? ఆ ఇంటి ఆడపిల్ల. ఈ అమ్మాయి సంచిలో ఉన్న రవికెగుడ్డ ఎవరు పెట్టారు? అని భార్య వైపు తిరిగారు.

"చూడామణీ, ఈ అమ్మాయి నీకేమవుతుంది?"

ఆమె సంయుక్త చెయ్యి పట్టుకునే ఉన్నారు. "మా అమ్మాయేనండి. కన్నకూతురు కూడా ఇంత చెయ్యదు" అన్నారు, ఎంతో ప్రేమగా.

తీర్పుకి ఇంక అడ్డేమీ లేకపోయింది. సంయుక్త ఈ ఉదయం నుంచి జగ్గయ్యపేట మనిషి. జగ్గయ్యపేట మనిషి జగ్గయ్యపేట గేటుకి బంతి కొడితే అది సెల్ఫ్ గోలు. సెల్ఫ్ గోలు ఎవరి పేరు మీదా రాయకూడదు. కానీ దాని ఫలితం ఎదుటి జట్టుకి దక్కాలి. కాబట్టి నందిగామ ఒకటి, జగ్గయ్యపేట సున్నా.

"కప్పు మీదే మాస్టారూ" అన్నారు ప్రెసిడెంటుగారు.

మాస్టారు ఇంకా నిలబడే ఉన్నారు. కప్పు వైపు చూశారు. మెల్లగా కూచున్నారు.

"మాస్టారూ, నేను మన జట్టండి" అంది సంయుక్త.

"అవునమ్మా," అన్నారాయన, కప్పు అందుకుంటూ. "ఎక్కడున్నా నువ్వు మన పిల్లవే."

జగ్గయ్యపేట గేటుని ఈనాటివరకూ బయటివాళ్ళెవరూ కొట్టలేకపోయారని మావాళ్ళు డప్పులు తెప్పించారు. కప్పు గెలిచామని నందిగామవాళ్ళు అదే డప్పులకి చిందులేశారు. ఓడిన జట్టు సభ్యుల పేర్లు చదివేటప్పుడు సంయుక్త పేరు ఆరోదిగా చదివారు. తీర్పు వల్ల నష్టపోయింది ఒక్కరే కాబట్టి, అది ఏకగ్రీవమని జగన్నాథరావుగారు ప్రకటించారు.