బాలింతకు మంచినీళ్లు అందించుటకు కావలసిన అర్హతలు

మానవజాతి ఇంతకాలం తల్లిపాలు తాగి బతికి బట్టకట్టిందంటే, అది తండ్రులకు శిక్షణ లేని రోజుల్లో జరిగిపోయిన పొరపాటని పెద్దలు ఇటీవల గుర్తించారు. గుర్తించి ఊరుకోలేదు. 'నూతన తండ్రుల సన్నద్ధతా మండలి' అని ఒకటి స్థాపించి, దానికొక అధ్యక్షుణ్ణి, ఇద్దరు ఉపాధ్యక్షులను, ఒక గ్లాసుల పర్యవేక్షకుణ్ణి నియమించారు. బిడ్డకు పాలిచ్చే తల్లికి భర్త ఆసరాగా నిలబడాలన్నది మండలి ఆశయం. ఆశయం బంగారంలాంటిదే, నాకేం పేచీ లేదు. అయితే నేర్చుకోకుండా నిలబడినవాడు ఎటో ఒకవైపు ఒరిగిపోయే ప్రమాదముంది గనక, శిక్షణ ముగించి పట్టా పుచ్చుకోని తండ్రి పాలిచ్చే వేళ ఏ రకమైన ఆసరా అందించరాదని మొదటి నిబంధనగా పెట్టారు. (పట్టా లేకుండా బిడ్డను కనవచ్చు. ఆ విషయంలో మండలి తలదూర్చదు.)

ఆ నిబంధన వచ్చిన కొత్తలోనే మా చెల్లెలు ఆడపిల్లను కన్నది. నేను బట్టలు కుట్టే దుకాణానికి తాళం వేసి వాళ్లింటికి వెళ్లాను. పిల్ల ముద్దొచ్చే పిల్లే, కానీ రొమ్ము సరిగా పట్టదు. పట్టినా రెండు గుక్కలు తాగి కేరుమంటుంది. చెల్లెలికి ఒకపక్క నొప్పి, ఇంకోపక్క నిద్ర లేదు. పిల్ల బరువు పెరగడం లేదు. ఆసుపత్రి నర్సమ్మ చూసి, పాలకు లోటేమీ లేదనీ, తల్లీపిల్లా ఒకరికొకరు అలవాటు పడాలనీ, బాలింతను స్థిమితంగా కూర్చోనిచ్చి, వేళకు తిననిచ్చి, నిద్రపోనిస్తే అన్నీ సర్దుకుంటాయనీ చెప్పింది. వచ్చేవారం తూచినప్పుడు కూడా ఇలాగే ఉంటే డబ్బాపాలు మొదలుపెట్టక తప్పదంది. డబ్బాపాలు తాగిన పిల్లలు పెరగరా అంటే నిక్షేపంగా పెరుగుతారు, నేనూ ఆ బాపతే. కానీ తన పాలే ఇవ్వాలని మా చెల్లెలు కడుపుతో ఉన్నప్పటినుంచీ ఆశపెట్టుకుంది. దాని ఆశంతా ఇప్పుడా తూకం మీద ఉంది.

ఇక మా మరిది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. పెళ్లాం తుమ్మితే తను దుప్పటి కప్పుకునే రకం. అయితే పైనుంచి అనుమతి రాందే దేన్నీ ముట్టుకోడు. లిఫ్టుల పనిలో అది మంచి అలవాటే, అందుకే ఆయన వేళ్లన్నీ ఇంకా ఆయన దగ్గరే ఉన్నాయి. ఆ అలవాటు ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు చెల్లెలు పిల్లను ఒళ్లో వేసుకుని దాహమంది. మా మరిది గబుక్కున లేచాడు, జగ్గు దాకా వెళ్లాడు, ఏదో గుర్తొచ్చినట్టు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నాకింకా నీళ్ల పాఠం అవలేదు వదినా. కాస్త మీరిస్తారా?" అన్నాడు.

జగ్గు ఆయన మోచేతికి తగులుతోంది. నేను వంటింట్లో పొయ్యి ఆపి, చేతులు కడుక్కుని వచ్చి నీళ్లు ఇచ్చాను. ఒళ్లు మండిపోయింది.

మర్నాటినుంచి ఆయన పనికి సెలవు పెట్టి శిక్షణకు వెళ్లడం మొదలుపెట్టాడు. తరగతులు పొద్దున్నా, సాయంత్రమూనూ. అంటే సరిగ్గా పిల్ల లేచి ఉండే వేళలు. (పిల్ల నిద్రపోయే వేళ మండలికి కూడా భోజన విరామం.) వచ్చి ఆ రోజు పాఠమంతా పూసగుచ్చినట్టు చెప్పేవాడు. నిండు గ్లాసు ఇస్తే తొణుకుతుంది, సగం గ్లాసు ఇస్తే బాలింతను చులకన చేసినట్టవుతుంది గనక, ముప్పాతిక గ్లాసు ఇవ్వాలట. దిండును తల్లి వీపు వెనక పెట్టడం వేరట, పెట్టినట్టు కనిపించకుండా పెట్టడం వేరట. ధైర్యవచనాల తరగతిలో తండ్రులందరూ ఒక్క గొంతుతో "నువ్వు బాగా చేస్తున్నావు" అని గోడవైపు తిరిగి అంటారట. వీటన్నిటినీ బోధించే మాస్టారు బ్రహ్మచారి. ఏ ఒక్క తల్లి పక్షమూ వహించే అవకాశం లేకపోవడం వల్ల ఆయన్ను ఎంపిక చేశారు.

ఒకరోజు సాయంత్రం పిల్ల అసలు రొమ్మే అందుకోకుండా ఏడ్చి ఏడ్చి నీలంగా మారేసరికి, చెల్లెలు కూడా ఏడుపు లంకించుకుంది. మా మరిదిని పిలుచుకొద్దామని శిక్షణ భవనానికి పరుగెత్తాను. వాకిట్లో కాపలాదారు ఆపేశాడు. తల్లులూ, తల్లుల తాలూకువాళ్లూ లోపలికొస్తే తండ్రుల ఏకాగ్రత చెడుతుందట. కిటికీలోంచి చూసుకోవచ్చని మాత్రం దయతో అన్నాడు. చూశాను. గదిమధ్యలో ఒక ఖాళీ కుర్చీ. ఆ కుర్చీ తల్లి. ఎదిగిన మగవాళ్లు చేతుల్లో ముప్పాతిక గ్లాసులతో వరసగా నిలబడి, ఒకరి తరవాత ఒకరు మునివేళ్ల మీద నడిచి వెళ్లి కుర్చీకి నీళ్లు అందిస్తున్నారు. శిక్షణకిచ్చిన రబ్బరు బొమ్మ ఏడవదు కాబట్టి మాస్టారే ఒక మూల కూర్చుని ఏడుస్తున్నారు. చాలా బాగా ఏడుస్తున్నారు. అందరిలోకీ చక్కగా నడిచింది మా మరిదే, చుక్క తొణకలేదు.

ఆయన లేని వేళ చూసి ఇంటికి చుట్టాలు దిగేవారు. బాలింత గదిలోకి రావడం, మంచం అంచున కూర్చోవడం, "పాలు చాలట్లేదేమోనమ్మా" అనడం. చెప్పులేసుకుని వెళ్లేలోగా ఆ మాట ఒక్కొక్కరూ రెండుసార్లన్నా అనేవాళ్లు. మా చెల్లెలి అత్తగారు మంచి మనిషే, అందుకే ఏమీ అనకుండా డబ్బా ఒకటి కొని మంచం పక్క బల్లమీద, కోడలి కళ్లకు తిన్నగా కనబడేట్టు పెట్టింది. చెల్లెలు పిల్లను తీసుకోబోయేది, ఎవరో ఒకరు తలుపు తోసేవారు, అది కొంగు సర్దుకునేది, పిల్ల వదిలేసేది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే కాబోలు. నేను వంట చూడనా, గుడ్డలు ఉతకనా, వచ్చినవాళ్లకు మర్యాద చెయ్యనా? తలప్రాణం తోకకొచ్చింది.

తూకం రోజు దగ్గరపడింది. మా మరిది ఆ పొద్దున తుది పరీక్షకు తయారై, తల దువ్వుకుని, మంచం దగ్గరకొచ్చి, "నువ్వు బాగా చేస్తున్నావు" అన్నాడు. అలవాటుకొద్దీ గోడవైపు తిరిగే అన్నాడు.

మా చెల్లెలు అరవలేదు. అరిచే ఓపిక కూడా లేదు దానికి.

"ఎవరైనా వస్తారేమోనని నాకు భయంగా ఉంటోంది" అంది. "నువ్వేమీ నేర్చుకోకపోయినా సరే. ఈ తలుపు వేసి, ఎవర్నీ రానివ్వకుండా ఆ బయట కూర్చో. నీకు చేతకాదా అది?"

మా మరిది మొహం చూడాలి అప్పుడు. జాలేసింది నాకు. అది ఏ పాఠంలోనూ చెప్పలేదు. చెప్పకపోవడం వల్లే ఆయనకు ధైర్యం వచ్చినట్టుంది, ఎందుకంటే మండలి నేర్పని పనికి మండలి అనుమతి అక్కర్లేదు కదా. పనిముట్ల సంచీలోంచి, లిఫ్టుల దగ్గర తగిలించే బోర్డు తీశాడు. 'మరమ్మతు జరుగుచున్నది. లోనికి ప్రవేశించరాదు' అని ఎర్ర అక్షరాలు. దాన్ని బాలింత గది తలుపుకు తగిలించి, స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పరీక్షకు పోలేదు.

మనవాళ్లు బాలింత మాట వినరు, నర్సమ్మ మాట వినరు, నా మాట సరేసరి. లిఫ్టు బోర్డును మాత్రం ఎవరూ కాదనరు. వచ్చినవాళ్లు వచ్చినట్టే బోర్డు చదివి, ఎప్పటికవుతుందని అడిగి, ఇంకా టైం పడుతుందంటే తల పంకించి వెళ్లిపోయారు. అత్తగారు కూడా కాసేపు నిలబడి చూసి, డబ్బా విషయం తరవాత చూద్దామని తన గదిలోకి వెళ్లింది. లోపల గది నిశ్శబ్దమైంది. మా చెల్లెలు ఎవరికీ భయపడకుండా కూర్చుంది. పిల్ల రొమ్ము వెతుక్కుంది, జారింది, మళ్లీ వెతుక్కుంది. ఎప్పుడు పట్టిందో మంచం పక్కనే ఉన్న నాకే తెలియదు. గుటకల చప్పుడు వినిపించేసరికి నాకు కళ్లనీళ్లు తిరిగాయి, దాచుకోవడమెందుకు. మా మరిది జగ్గులోంచి నీళ్లు వంపి లోపలికి అందించాడు. గ్లాసు నిండా పోశాడు, సగం తొణికాయి. నాకు పట్టరాని సంతోషమేసింది.

తూకంలో పిల్ల బరువు పెరిగింది. నర్సమ్మ మా చెల్లెలి వీపు తట్టింది. చెల్లెలు ఇంటికొచ్చి ఆ డబ్బాను తీసుకెళ్లి వంటింటి అటక మీద పెట్టించింది. నేను నా దుకాణం తెరుచుకోవచ్చని అనుకుంటుండగా, పరీక్షకు గైరుహాజరైన తండ్రిని విచారించడానికి గ్లాసుల పర్యవేక్షకుడు స్వయంగా వచ్చాడు. ఆయన చాలా మర్యాదస్తుడు. పిల్లను చూసి బుగ్గ నిమిరాడు, బొద్దుగా ఉందన్నాడు, ఆ తరవాత విచారణ ప్రారంభించాడు. పట్టా లేకుండా నీళ్లు అందించినట్టు మా మరిది ఒప్పుకున్నాడు. నిండు గ్లాసు అని కూడా ఒప్పుకున్నాడు (అడగకపోయినా). తలుపు దగ్గర కాపలా అనేది మండలి గుర్తించిన ఆసరాల్లో లేనే లేదని పర్యవేక్షకుడు విచారం వ్యక్తం చేశాడు. మరి పిల్ల బరువు పెరిగింది కదా అని నేను అడిగాను. పెరిగిందన్న మాట కాదనననీ, అయితే ఆ బరువు నిబంధనలకు విరుద్ధంగా పెరిగిందనీ ఆయన శాంతంగా వివరించాడు.

పట్టాల ప్రదానం ఘనంగా జరిగిందట. అందరూ మొదటి తరగతిలోనే పాసయ్యారు, మాస్టారు సంతోషం పట్టలేక నిజంగానే ఏడ్చారట. ఆ బ్యాచిలో తప్పిన తండ్రి మా మరిది ఒక్కడే. ఇప్పటికీ తల్లిపాలు తాగుతున్న బిడ్డ కూడా ఆ బ్యాచి మొత్తానికి ఒక్కతే. ఈ రెంటికీ ఎలాంటి సంబంధమూ లేదని మండలి స్పష్టం చేసింది.